టెరిటోరియల్ ఆర్మీ జవాను ఇంట్లో పెద్దవారు మంచాన పడితే: సెలవు, ఉద్యోగం, చట్టం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యం ఎవరికీ దూరపు మాట కాదు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి ఇక్కడే ఉంది. తెల్లవారకముందే రహదారి పక్కన పరుగు సాధన చేసే కుర్రాళ్లు ఏ మండలానికి వెళ్లినా కనిపిస్తారు. అయితే రెగ్యులర్ ఆర్మీ గురించి తెలిసినంతగా టెరిటోరియల్ ఆర్మీ గురించి మన కుటుంబాలకు తెలియదు. జవాన్లు ‘టీఏ’ అని పిలుచుకునే ఈ దళంలో చేరినవారు ఏడాదిలో కొంతకాలం యూనిఫాం వేసుకుంటారు, మిగతా కాలం తమ ఉద్యోగమో వ్యాపారమో వ్యవసాయమో చేసుకుంటారు. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. ఇంట్లో ఒకరికి ప్రాణం మీదికి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. సెలవు అర్జీ కంపెనీ మేనేజరుకు పెట్టాలా, కమాండింగ్ ఆఫీసరుకు పెట్టాలా? వైద్యం మిలిటరీ ఆసుపత్రిలో దొరుకుతుందా, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని వెళ్లాలా? వెంటనే బయలుదేరి వచ్చేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు తలా ఒక జవాబు చెబుతారు. ఆ జవాబుల్లో చాలావరకు ఏదో ఒక సందర్భంలో నిజమే కాబట్టే గందరగోళం ఇంకా పెరుగుతుంది.

ఈ చిక్కుముడి విప్పడానికి ముందుగా ఒక అపోహ తొలగాలి. టీఏ జవాను సగం సైనికుడు, సగం పౌరుడు అని మనం అనుకుంటాం. చట్టం అలా అనుకోదు. చట్టం దృష్టిలో అతను ఏ రోజుకు ఆ రోజు పూర్తిగా సైనికుడో, లేదా దాదాపు పూర్తిగా పౌరుడో అవుతాడు. సైన్యం అతన్ని సేవలోకి తీసుకున్న స్థితిని ‘ఎంబాడీడ్’ అనీ, ఇంటికి పంపిన స్థితిని ‘డిస్ఎంబాడీడ్’ అనీ యూనిట్లలో వ్యవహరిస్తారు. జీతం, సెలవు, వైద్యం, శిక్ష, ఉద్యోగ రక్షణ అన్నీ ఈ రెండు స్థితుల మధ్య గీత దాటగానే మారిపోతాయి. కాబట్టి ఇంటి నుంచి కబురు అందిన క్షణంలో జవాను తనను తాను అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఈరోజు నేను ఏ స్థితిలో ఉన్నాను’ అన్నదే.

టెరిటోరియల్ ఆర్మీ చట్టం 1948లో వచ్చింది. 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి ఈ దళాన్ని ప్రారంభించారు. అందుకే ఆ తేదీని ఏటా టీఏ దినంగా జరుపుకుంటారు. చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం టీఏ సభ్యుడు ముఖ్యంగా మూడు సందర్భాల్లో సైనిక సేవ చేయాలి: పౌర పాలనకు సాయంగానో అత్యవసర కాపలాకో పిలిచినప్పుడు, శిక్షణ కోసం లేదా రెగ్యులర్ సైన్యానికి అండగా ఎంబాడీ చేసినప్పుడు, రెగ్యులర్ దళానికి జతచేసినప్పుడు. ఏటా జరిగే శిక్షణ సాధారణంగా 2 నెలలు ఉంటుంది. ‘పార్ట్ టైం’ అన్న మాట విని ఇంట్లోవారు ఈ 2 నెలలనే లెక్కవేసుకుంటారు. వాస్తవంలో పదాతి దళ టీఏ బెటాలియన్లు జమ్మూ కశ్మీర్‌లోనూ ఈశాన్య రాష్ట్రాల్లోనూ సంవత్సరాల తరబడి ఎంబాడీడ్ స్థితిలో పనిచేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 2025 మే 6న రక్షణ శాఖ జారీ చేసిన ఉత్తర్వు టీఏలోని ప్రతి అధికారినీ ప్రతి సభ్యుడినీ అవసరాన్ని బట్టి పిలిచే అధికారాన్ని సైన్యాధిపతికి ఇచ్చింది. ఉన్న 32 పదాతి బెటాలియన్లలో 14 బెటాలియన్లను మోహరించేందుకు అనుమతించింది. ఆ ఉత్తర్వు 2028 ఫిబ్రవరి 9 వరకు అమల్లో ఉంటుంది. అంటే టీఏలో ఉన్న కుమారుడు ఏడాదిలో 10 నెలలు అందుబాటులో ఉంటాడన్న లెక్కతో తల్లిదండ్రుల వైద్యాన్ని ఏర్పాటు చేసుకున్న కుటుంబం ఆ లెక్కను ఇప్పుడే మార్చుకోవాలి.

ఎంబాడీ అయిన రోజు నుంచి టీఏ జవానుకు 1950 నాటి ఆర్మీ చట్టం వర్తిస్తుంది. ఈ ఒక్క వాక్యం కుటుంబాలకు తెలిసి ఉంటే ఎన్నో అనర్థాలు తప్పుతాయి. తండ్రికి పక్షవాతం వచ్చిందని విని, ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వచ్చేసిన కొడుకును ఊళ్లో అందరూ మెచ్చుకుంటారు. ఆర్మీ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అది అనుమతి లేని గైర్హాజరు. దానికి గరిష్ఠంగా 3 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. మంజూరైన సెలవు ముగిశాక తగిన కారణం లేకుండా ఆగిపోయినా అదే సెక్షన్ కిందికి వస్తుంది. గైర్హాజరు 30 రోజులకు చేరితే విచారణ కోర్టు కూర్చుంటుంది, ఆ విచారణ ఫలితం రికార్డులకెక్కుతుంది. గరిష్ఠ శిక్ష అందరికీ పడదన్న మాట నిజమే, కారణం బలంగా ఉంటే అధికారులు దాన్ని పరిగణనలోకి తీసుకుంటారన్నదీ నిజమే. కానీ ఆ కారణాన్ని ముందు చెప్పి సెలవు అడిగినవాడికీ, వెళ్లిపోయి తరువాత చెప్పినవాడికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. మంచి కొడుకు అనిపించుకోవాలన్న తొందరలో కుటుంబానికున్న ఒకే ఆదాయాన్ని ప్రమాదంలో పెట్టవద్దని ఇంటి పెద్దలే చెప్పాలి. ‘అన్నీ వదిలేసి వచ్చేయ్’ అన్న ఫోను తల్లి నుంచి వెళ్లినప్పుడు దాన్ని కాదనగల జవాన్లు తక్కువ.

మరి సెలవు ఎలా అడగాలి? రెగ్యులర్ సైన్యంలో జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల సీఎల్ (క్యాజువల్ లీవ్) ఉంటాయి. సెలవు హక్కుగా రాదు, యూనిట్ అవసరాన్ని చూసి అధికారి మంజూరు చేస్తాడు. రెండు నెలల శిక్షణ కోసం వెళ్లిన టీఏ జవాను ఆ రెండు నెలల్లోనే సుదీర్ఘమైన సెలవు ఆశించడం కుదరని పని. అతను అడగగలిగేది కొద్ది రోజుల సీఎల్, లేదా ఈ ఏడాది శిక్షణను మరో దఫాకు మార్చమన్న వినతి. దీర్ఘకాలం ఎంబాడీ అయి ఉన్నవారికి కొంత వెసులుబాటు ఉంటుంది. ఏ సందర్భంలోనైనా దారి ఒకటే: ప్లాటూన్ జేసీవోకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు), కంపెనీ కమాండరుకు, అక్కడి నుంచి కమాండింగ్ ఆఫీసరుకు. మొదట నోటిమాటగా చెప్పి, వెంటనే రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఒకప్పుడు ‘మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియట్లీ’ అన్న టెలిగ్రాం ఊరి పోస్టాఫీసు నుంచి వెళ్లేది. సెలవు కోసం పంపిన అబద్ధపు టెలిగ్రాంలు కూడా అందులో కలిసి ఉండేవి కాబట్టి అధికారులు ప్రతిదాన్నీ అనుమానంతో చూడటం అలవాటు చేసుకున్నారు. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ముగిసింది, అనుమానం మాత్రం మిగిలింది. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఐసీయూ ఫొటో చూపిస్తే అధికారి మనసు కరగవచ్చు, కానీ ఫైలులో పెట్టడానికి కాగితం కావాలి. ఆసుపత్రి పేరు, రోగి పేరు, జబ్బు, చేర్చిన తేదీ, ఇంకా ఎన్నాళ్లు ఉండాలో వైద్యుని అంచనా, సంతకం, ముద్ర ఉన్న పత్రాన్ని మొదటిరోజే తీసుకుని పంపాలి. యూనిట్ నిజానిజాలు తెలుసుకోవాలనుకుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయపడుతుంది. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఆ కార్యాలయాలు ఉన్నాయి. మాజీ సైనికుల పింఛన్ల పనికే ఆ కార్యాలయం అని మనవాళ్లు అనుకుంటారు. సేవలో ఉన్న జవాను కుటుంబం కూడా అక్కడికి వెళ్లి తన కష్టం చెప్పుకోవచ్చు.

వైద్య అత్యవసరం అన్నది కూడా ఒకే రకంగా ఉండదు. గుండెపోటు, పక్షవాతం వంటివి గంటల్లో తేలే విషయాలు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం 200 కిలోమీటర్లకు పైమాటే. జమ్మూలో ఉన్న కొడుకు ఎంత త్వరగా బయలుదేరినా ఆ నాలుగున్నర గంటల్లో అతని పాత్ర ఫోనుకే పరిమితం. కాబట్టి 108కి ఎవరు ఫోను చేస్తారు, బరంపురం వెళ్లాలా శ్రీకాకుళం వెళ్లాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు, కార్డులు, పాత రిపోర్టులు ఏ సంచిలో ఉన్నాయి, అత్యవసర ఖర్చుకు బ్యాంకు ఖాతా నుంచి డబ్బు ఎవరు తీయగలరు అన్నవి అతను యూనిట్‌కు బయలుదేరే ముందే తేలి ఉండాలి. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. ఒక కొడుకు సైన్యంలో ఉంటే మరో కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో, మత్స్యకార కుటుంబాల్లో అయితే గుజరాత్‌లోని వేరావల్‌లోనో ఉంటాడు. ఆసుపత్రి బెంచీ మీద రాత్రంతా కూర్చునేది కోడలో, పెళ్లయి పక్క ఊళ్లో ఉన్న కూతురో అవుతుంది. నిర్ణయాధికారం దూరంగా ఉన్న మగవాడి దగ్గర, బాధ్యత దగ్గరగా ఉన్న ఆడవారి దగ్గర ఉండటం వల్లే ఎక్కువ జాప్యం జరుగుతోందని నా అభిప్రాయం. ‘అన్నయ్యకు ఫోను కలవడం లేదు’ అని వైద్యాన్ని ఆపకూడదు. స్పృహలో ఉన్న రోగి తన అంగీకారం తానే ఇవ్వగలడు. స్పృహ లేనప్పుడు పక్కనున్న దగ్గరి బంధువు సంతకం చేయవచ్చు.

గంటల్లో తేలని జబ్బుల సంగతి వేరు, అసలు సమస్య అక్కడే ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం గురించి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తోంది. ఎన్నో అధ్యయనాలు జరిగినా కారణం ఒక్కటని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం వచ్చింది. ఇవి పెద్ద ఊరటే. అయినా డయాలసిస్ మొదలైన మనిషికి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు యంత్రం దగ్గర ఉండక తప్పదు, పక్కన ఒక మనిషీ ఉండక తప్పదు. దీనికి ముగింపు తేదీ లేదు. వారం రోజుల సీఎల్ దీనికి సరిపడదు, 60 రోజుల సెలవూ సరిపడదు. సెలవు అన్న ఏర్పాటు ఎప్పుడో ఒకప్పుడు ముగిసే జబ్బును దృష్టిలో పెట్టుకుని చేసినది కాబట్టి, ముగింపు లేని జబ్బు దగ్గర అది నిస్సహాయం అవుతుంది.

అలాంటి ఇంటి కుమారుడు టీఏలో ఉంటే ఏం చేయాలి? అతని సెలవును డయాలసిస్ రోజుల మీద ఖర్చు చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను. రోజువారీ తోడుకు ఊళ్లోనే మనిషిని కుదుర్చుకోవాలి. డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు ఇచ్చే 10,000 రూపాయల పింఛన్‌లో కొంత దానికి వాడుకోవచ్చు. జవాను సెలవును అతను తప్పక ఉండవలసిన రోజులకు దాచుకోవాలి: చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపే ఏర్పాటు) వేసే శస్త్రచికిత్స, ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేర్చిన వారం, కిడ్నీ మార్పిడికి ముందు జరిగే పరీక్షలు. ఫిస్టులా వేశాక అది వాడకానికి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ పెరుగుతున్న దశలోనే వైద్యుడు ఆ సంగతి చెబుతాడు. అంటే ఆ తేదీని సెలవుతో కలిపి ముందుగా నిర్ణయించుకునే వీలుంటుంది.

కిడ్నీ మార్పిడి దగ్గర ఇంకో చిక్కుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు, జీవిత భాగస్వామి, తాత అమ్మమ్మలు, మనుమలు దగ్గరి బంధువులుగా దానం చేయవచ్చు. ఇంట్లో ఆరోగ్యవంతుడు ఎవరని చూస్తే అందరి చూపూ సైన్యంలో ఉన్న కొడుకు మీదే పడుతుంది. అతనూ వెనుకాడడు. కానీ టీఏలో కొనసాగడానికి సైన్యం కోరే శరీర దారుఢ్యం ఉండాలి. ఒక కిడ్నీతో ఉన్నవాడి వైద్య శ్రేణి ఏమవుతుందో, అతను మోహరింపుకు పనికివస్తాడో లేదో తేల్చేది సైనిక వైద్యాధికారి. దానానికి సంతకం పెట్టకముందే ఈ సంగతి యూనిట్ వైద్యాధికారితో మాట్లాడాలి. దానం చేయవద్దని నేను అనడం లేదు. తండ్రి ప్రాణానికీ ఉద్యోగానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే చాలామంది కొడుకులు తండ్రినే ఎంచుకుంటారు, అది వారి హక్కు. ఎంచుకుంటున్నామన్న సంగతి తెలిసి ఎంచుకోవాలన్నదే నా మాట. అతను పౌర ఉద్యోగంగా కేంద్ర ప్రభుత్వంలో పనిచేస్తుంటే 2023 నుంచి అవయవ దాతలకు గరిష్ఠంగా 42 రోజుల ప్రత్యేక సాధారణ సెలవు ఉంది. ప్రైవేటు సంస్థల్లో అది యాజమాన్యం దయ మీద ఆధారపడుతుంది.

వైద్య ఖర్చు విషయంలో కూడా ఎంబాడీడ్, డిస్ఎంబాడీడ్ స్థితుల మధ్య ఉన్న ఆ గీతే వర్తిస్తుంది. ఎంబాడీ అయి ఉన్నంతకాలం జవానుకూ అతని మీద ఆధారపడినవారికీ మిలిటరీ ఆసుపత్రి సదుపాయం ఉంటుంది. మన జిల్లాలకు దగ్గరగా ఉన్నది విశాఖపట్నంలోని నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి. అయితే ఆసుపత్రి గేటు దగ్గర మాట కాదు, రికార్డు పనిచేస్తుంది. పెళ్లి, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు ఇవన్నీ యూనిట్‌లో ‘పార్ట్ టూ ఆర్డర్’గా (జవాను వ్యక్తిగత వివరాలను రికార్డుకెక్కించే ఉత్తర్వు) నమోదై, ఆశ్రితుల కార్డు చేతిలో ఉండాలి. తల్లిదండ్రుల సొంత ఆదాయానికి పరిమితి ఉంటుంది, దానికీ పత్రం కావాలి. డిస్ఎంబాడీ అయి ఇంటికి వచ్చాక ఆ సదుపాయం ఉందనుకుని కూర్చోకూడదు. మాజీ సైనికుల ఆరోగ్య పథకం కూడా టీఏలో అందరికీ రాదు. ఎంబాడీడ్ సేవకు పింఛను పొందినవారు, సేవ కారణంగా వైకల్యం పొందినవారు, శౌర్య పతకాలు పొందినవారు మాత్రమే మాజీ సైనికుల నిర్వచనంలోకి వస్తారు. ఈ కారణంగా జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు తల్లిదండ్రుల పేరిట చెల్లుబాటులో ఉందో లేదో గ్రామ సచివాలయంలో ముందే చూసుకోవాలి. ప్రైవేటు ఉద్యోగంలో నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంటే, ఆశ్రితులైన తల్లిదండ్రులకు కూడా అందులో వైద్యం ఉంటుంది. ఈ సంగతి తెలియక సొంత డబ్బు ఖర్చు పెట్టేవారు మన పారిశ్రామిక వాడల్లో తక్కువేమీ కాదు.

ఇక పౌర ఉద్యోగం. టీఏ చట్టంలోని 7ఎ సెక్షన్ యజమాని మీద ఒక స్పష్టమైన బాధ్యత పెట్టింది: సైనిక సేవ కోసం వెళ్లిన ఉద్యోగి తిరిగి వచ్చినప్పుడు మునుపటి కంటే తక్కువకాని షరతులతో పనిలోకి తీసుకోవాలి. ఆ బాధ్యత తప్పించుకోవడానికి వెళ్లకముందే తొలగించినా చట్టం ఊరుకోదు. వివాదం వస్తే నిర్ణీత అధికారి ముందుకు వెళ్లవచ్చు. ఆ అధికారి తిరిగి తీసుకోమని ఆదేశించవచ్చు, లేదా ఆరు నెలల వేతనం మించకుండా పరిహారం ఇప్పించవచ్చు. సేవలో ఉన్న కాలంలో భవిష్య నిధి వంటి హక్కులను 7బి సెక్షన్ కాపాడుతుంది.

ఈ రక్షణ దేశం పిలిచినందుకు ఇచ్చినది. తల్లి జబ్బు పడినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. కుటుంబ సభ్యుల అనారోగ్యం కోసం ప్రైవేటు ఉద్యోగికి ప్రత్యేక సెలవు ఇచ్చే సాధారణ చట్టం మన దేశంలో లేదు. అతని దగ్గర ఉన్నవి మామూలు సెలవులు మాత్రమే. ఒక ఉదాహరణ చూద్దాం. సోంపేట యువకుడు ఒకరు విశాఖ ప్రైవేటు కర్మాగారంలో పనిచేస్తూ టీఏలో ఉన్నాడనుకుందాం. ఎంబాడీడ్ సేవ ముగించుకుని ఊరికి వచ్చేసరికి తండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. అతను నేరుగా ఆసుపత్రికి వెళ్లి నెలరోజులు ఉండిపోతాడు, తరువాత కర్మాగారానికి వెళతాడు. మేనేజరు దృష్టిలో ఆ నెల సైనిక సేవ కాదు, మంజూరైన సెలవూ కాదు. రెండు రక్షణల మధ్య ఖాళీలో పడిన ఆ నెలే అతని ఉద్యోగానికి ముప్పు అవుతుంది. అతను చేయవలసింది చిన్న పని. సేవ ముగిసిన కాగితంతో మొదటిరోజే పనిలో చేరుతున్నట్టు రాతపూర్వకంగా తెలిపి, ఆ వెంటనే తండ్రి కోసం సెలవు అడగాలి. ఒక్కరోజు ఆసుపత్రికి ఆలస్యమైనా సరే, ఆ వరుస తప్పకూడదు.

ఈ ఖాళీని పూడ్చవలసినది జవాను తెలివితేటలు కాదు, ప్రభుత్వం. సైనిక సేవ ముగిశాక పనిలో చేరేలోపు, వైద్య పత్రం చూపినవారికి కొన్ని వారాల గడువు 7ఎ సెక్షన్‌లోనే కలపాలి. తల్లిదండ్రులు డయాలసిస్‌లో ఉన్న టీఏ సభ్యునికి శిక్షణ దఫాను ఎంచుకునే అవకాశం అధికారి దయగా కాక నియమంగా రావాలి. ఏడాదిలో ఎప్పుడైనా జరిపే రెండు నెలల శిక్షణను కుటుంబ పరిస్థితిని బట్టి ముందుకో వెనక్కో జరపడం వల్ల దేశ రక్షణకు లోటు రాదు, పైగా శిక్షణ పొందిన మనిషి దళంలోనే మిగులుతాడు.

అంతవరకు చివరి దారిగా మిగిలేది విడుదల కోరడం. కుటుంబ కారణాల మీద గడువుకు ముందే విడుదల అడగవచ్చు, అధికారులు మంజూరు చేయవచ్చు. ఇంట్లో ఏడుపులు వినిపిస్తున్న వారంలో మాత్రం ఈ కాగితం మీద సంతకం చేయకూడదు. సాధారణ జవానుకు పింఛను రావాలంటే ఎంబాడీడ్ సేవ అన్నీ కలిపి 15 ఏళ్లు ఉండాలి. 11 ఏళ్లు పూర్తయినవాడు, 2 ఏళ్లు పూర్తయినవాడు ఒకే కాగితం మీద సంతకం చేసినా వదులుకునేది ఒకటి కాదు. మొదటివాడు పింఛనునూ, దానితో జీవితాంతం వచ్చే వైద్య పథకాన్నీ వదులుకుంటున్నాడు. తండ్రి డయాలసిస్ మీద ఉన్న ఇంట్లో, రేపు తానే ఆ జబ్బు బారిన పడవచ్చన్న భయం ఉన్న ఉద్దానం కుర్రాడికి ఆ వైద్య పథకం విలువ మాటల్లో చెప్పలేనిది. అతను ముందు అడగవలసింది సీఎల్, తరువాత వార్షిక సెలవు, ఆపై శిక్షణ దఫా మార్పు. ఇవన్నీ రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాక, తన సేవా కాలం లెక్కను యూనిట్ క్లర్కు దగ్గర కాగితం మీద చూసుకున్న తరువాతే విడుదల గురించి ఇంట్లో మాట్లాడాలి.